హద్దులు దాటి వచ్చే వేడి

తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. భూగోళాన్ని 200 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గడులుగా విడగొట్టే ప్రపంచ వాతావరణ మోడల్‌లో ఆ రాష్ట్రమంతా కలిపినా మూడు గడులు నిండవు. ఆదిలాబాద్ అడవికీ, మహబూబ్‌నగర్ మెట్టకీ, హైదరాబాద్ కాంక్రీటుకీ ఆ మోడల్ పెద్దగా తేడా చూడదు. గడిని 50 కిలోమీటర్లకు కుదిస్తే రాష్ట్రానికి దాదాపు 45 గడులు వస్తాయి. 25కు కుదిస్తే 180 దాకా వస్తాయి. 33 జిల్లాలున్న రాష్ట్రంలో జిల్లా గురించి ఏదైనా చెప్పాలంటే కనీసం ఆ మాత్రం కుదింపు కావాలి. ఆ పని చేసేవే ప్రాంతీయ వాతావరణ మోడళ్లు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఫలానా చోట ఏమవుతుందని అడిగితే ముప్పై అయిదేళ్లుగా శాస్త్రవేత్తలు వీటి దగ్గరికే వెళుతున్నారు. పంటల అంచనాలు, నదీ ప్రవాహాల లెక్కలు, వడగాడ్పుల ప్రణాళికలు, రాష్ట్ర ప్రభుత్వాల కార్యాచరణ పత్రాలు చాలావరకు ఈ మోడళ్ల అంకెల మీదే నిలబడ్డాయి. ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలన్నదే ఇక్కడి చర్చ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కడ, ఎలా అన్న ప్రశ్నలకు ప్రాంతీయ మోడల్ బాగా పనికొస్తుంది. ఎంత అన్నది మాత్రం చాలావరకు దాని చేతిలో లేదు. ఈ రెండింటినీ కలిపేసి చదవడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

ఎంత అన్న ప్రశ్నకు చరిత్ర పాతదే. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ చేతిలెక్కతో మొదలుపెట్టాడు. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ నేల నుంచి ఆకాశం దాకా ఒకే ఒక్క గాలి స్తంభాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టి, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 2.3 డిగ్రీలు వేడెక్కుతుందన్నారు. ఆ దారిలో సాగిన కృషికే 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది. 1979 నాటి చార్నీ నివేదిక 3 డిగ్రీలు అంది, అటూ ఇటూ ఒకటిన్నర. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో 3 దగ్గరే ఉండి, పరిధిని 2.5 నుంచి 4కు కుదించింది. పారిశ్రామిక యుగానికి ముందు 280 పీపీఎం ఉన్న ఈ వాయువు, మౌనా లోవాలో కొలవడం మొదలైన 1958లో 315 దగ్గర ఉండేది. ఇప్పుడు 420 దాటిపోయింది. ఈ అంకెలన్నీ భూగోళం మొత్తానికి సగటు. సగటు మీద ఎవరూ వరి వేయరు.

ప్రాంతీయ మోడల్ పుట్టుక వెనక ఉన్నది వ్యవసాయమూ కాదు, రుతుపవనాలూ కాదు. అమెరికాలోని నెవాడాలో యుక్కా పర్వతం కింద అణు వ్యర్థాలను పాతిపెట్టాలన్న ఆలోచన ఒకటి ఉండేది. వేల ఏళ్లపాటు నీరు లోపలికి దిగకుండా ఉంటుందా అని తేల్చాలంటే అక్కడి వాన భవిష్యత్తు తెలియాలి. ఆనాటి ప్రపంచ మోడళ్లలో గడి కొన్ని వందల కిలోమీటర్లు. పశ్చిమ అమెరికా పర్వత శ్రేణులన్నీ అందులో ఒకే గుట్టగా అణిగిపోయేవి. 1989లో రాబర్ట్ డికిన్సన్, ఫిలిప్పో జార్జి, వారి సహచరులు అప్పటికే వాతావరణ సూచనలకు వాడుతున్న ఒక సూక్ష్మ మోడల్‌ను తీసుకుని ప్రపంచ మోడల్ లోపల గూడులా అమర్చారు. జార్జి తర్వాత ఇటలీలోని ట్రీస్టేలో అబ్దుస్ సలాం స్థాపించిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం ఐసీటీపీకి వెళ్లాడు. అక్కడ పెరిగిన రెగ్‌సీఎం అనే మోడల్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునేలా ఉంచారు. భారత్ సహా ఎన్నో దేశాల విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ నడుస్తున్నది అదే.

అమరిక ఇలా ఉంటుంది. ప్రపంచ మోడల్ ఇచ్చిన గాలి, తేమ, ఉష్ణోగ్రత, పీడనం ప్రతి ఆరు గంటలకోసారి ప్రాంతీయ పెట్టె నాలుగు అంచుల నుంచి లోపలికి వస్తాయి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత కూడా ఆ ప్రపంచ మోడల్ (దీన్నే తల్లి మోడల్ అనుకుందాం) ఇచ్చిందే. లోపల మాత్రం ప్రాంతీయ మోడల్ తన చిన్న గడుల మీద, తన కొండలతో, తన నేలతో, తన మబ్బుల సూత్రాలతో లెక్క మళ్లీ వేసుకుంటుంది. కాలువ చివరి భూమిని ఎంత బాగా దున్నినా తూము దగ్గర వదిలిన నీళ్లే దానికి గతి అయినట్టు, లోపల ఎంత సూక్ష్మంగా లెక్క కట్టినా అంచు నుంచి వచ్చినదానికి అది కట్టుబడే ఉంటుంది.

ఆ లోపలి లెక్క ఎందుకు విలువైనదో తెలియాలంటే మహాబలేశ్వర్ చూడాలి. సహ్యాద్రి అంచున ఉన్న ఆ ఊళ్లో ఏటా 5,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తూర్పుగా ఇరవై కిలోమీటర్లు కూడా పోకముందే వచ్చే పంచగనిలో అందులో సగం కూడా ఉండదు. ఇంకాస్త కొండ దిగి వాయి చేరితే వెయ్యి మిల్లీమీటర్ల లోపే. 200 కిలోమీటర్ల గడిలో ఈ మూడు ఊళ్లూ ఒక్కటే. కనుమలు అందులో చదునైపోతాయి, అరేబియా సముద్రం నుంచి వచ్చిన గాలి వాటికి కొట్టుకుని పైకి లేవదు, వాన కొంకణంలో తగ్గి దక్కన్ మీద పెరుగుతుంది. ఇది మహారాష్ట్ర గొడవ అనుకోవడానికి లేదు. కృష్ణానది పుట్టేది మహాబలేశ్వర్ దగ్గరే. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తాలా వద్దా అన్నది చాలా ఏళ్లలో ఆ కొండల వాలు మీద పడ్డ వానే తేలుస్తుంది. పడమటి వాలున పడిన చుక్క అరేబియా సముద్రానికి పోతుంది, తూర్పు వాలున పడినది మనకు వస్తుంది. ఆ గీతను గుర్తించలేని మోడల్ కృష్ణా నీటి గురించి ఏం చెప్పినా లాభం లేదు. 50 కిలోమీటర్ల మోడల్‌లో కనుమలు ఆనవాలు పట్టేలా ఉంటాయి. 25 కిలోమీటర్లలో వర్షచ్ఛాయ కూడా కనిపిస్తుంది.

ఈ పద్ధతి అసలు పనిచేస్తుందా అని కెనడాలో లాప్రీజ్ బృందం 2002 ప్రాంతంలో ఒక చక్కటి పరీక్ష పెట్టింది. పెద్ద విస్తీర్ణం మీద సూక్ష్మ మోడల్‌ను నడిపి, ఆ ఫలితంలోని సన్నని వివరాలను కావాలని చెరిపేసి, మిగిలిన ముతక సమాచారాన్ని మాత్రమే చిన్న పెట్టె అంచుల దగ్గర ఇచ్చారు. చెరిపేసిన వివరాలను చిన్న మోడల్ చాలావరకు తిరిగి తెచ్చుకుంది. దీనికి బిగ్ బ్రదర్ ప్రయోగం అని పేరు. అంచులు సరైనవైతే లోపలి వివరం నమ్మదగినదే అని తేలింది. అంచులే తప్పైతే ఏమిటన్నది ఆ పరీక్ష పరిధిలో లేదు.

మన దేశంలో ఈ కథ ప్రిసిస్‌తో ఊపందుకుంది. బ్రిటన్ హాడ్లీ సెంటర్ వాళ్లు తమ ప్రాంతీయ మోడల్‌ను మామూలు కంప్యూటర్ మీద నడిచేలా చేసి వర్ధమాన దేశాలకు పంచారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంలో కె. రూపకుమార్ బృందం దాన్ని 50 కిలోమీటర్ల గడులతో భారతదేశం మీద నడిపి 2006లో ఫలితాలు ప్రకటించింది. శతాబ్దాంతానికి దేశమంతటా వేడి పెరుగుతుంది, పగటికంటే రాత్రి ఉష్ణోగ్రతలు వేగంగా పెరుగుతాయి, రుతుపవన వర్షం మొత్తం మీద పెరుగుతుంది కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు, కుండపోతలు ఎక్కువవుతాయి. ఇదీ సారాంశం. 2010లో పర్యావరణ మంత్రిత్వ శాఖ హిమాలయాలు, పశ్చిమ కనుమలు, తీరప్రాంతం, ఈశాన్యం అనే నాలుగు ప్రాంతాలకు వేసిన అంచనా కూడా ప్రిసిస్ మీదే ఆధారపడింది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) 2013లో జిల్లాల వారీగా తెచ్చిన వ్యవసాయ దుర్బలత అట్లాస్‌కూ ఆ అంకెలే పునాది.

ఇంతలో 2009లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెగ్‌సీఎంను 25 కిలోమీటర్లతో, వేరే తల్లి మోడల్ కింద నడిపి సరిగ్గా ఎదురుమాట చెప్పారు. రుతుపవనాలు ఆలస్యమవుతాయి, విరామాలు పెరుగుతాయి, దక్షిణాసియాలో వేసవి వర్షం తగ్గుతుంది అని. రెండూ ప్రాంతీయ మోడళ్లే, రెండింటిలోనూ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంది. పత్రికలు ఒకసారి వరదలనీ ఒకసారి కరువనీ రాసింది ఈ తేడా వల్లే. అంచుల నుంచి లోపలికి వచ్చిన గాలులు వేరు, లోపలి మబ్బుల సూత్రాలు వేరు. నేటికి ప్రపంచ మోడళ్లలో ఎక్కువ భాగం వర్షం పెరిగే వైపే మొగ్గాయి, ఐపీసీసీ కూడా అదే అంది. కారణం సూటిగానే ఉంది. డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. గాలుల ఒరవడి కొంత మందగించినా అవి మోసుకొచ్చే తేమ దాన్ని మించిపోతుంది.

అయితే గతం ఆ మాట వినలేదు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య దేశంలో రుతుపవన వర్షం సుమారు 6 శాతం తగ్గింది. గంగా మైదానం, పశ్చిమ కనుమల్లో తగ్గుదల స్పష్టంగా ఉంది. అదే కాలంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు మధ్య భారతంలో దాదాపు 75 శాతం పెరిగాయి. మొత్తం తగ్గడం, కుండపోత పెరగడం రెండూ ఒకేసారి జరిగాయి. ఐఐటీఎంలో ఆర్. కృష్ణన్ బృందం దక్షిణాసియా మీద మాత్రం గడులను సుమారు 35 కిలోమీటర్లకు చిక్కబరిచిన ఒక ప్రపంచ మోడల్‌తో ఈ ముడి విప్పే ప్రయత్నం చేసింది. అంచులే లేని పద్ధతి కావడం దాని గొప్ప. గాలిలోని పొగ, సల్ఫేట్ కణాలు, అడవి పోయి పొలమైన నేల కలిసి రుతుపవనాలను నీరసింపజేశాయని, కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ఉండి ఉంటే చిత్రం వేరుగా ఉండేదని ఆ ప్రయోగాలు చూపించాయి. ఈ అంశం మీద మన దేశం నుంచి వచ్చిన పనుల్లో దీన్ని నేను మొదటి వరుసలో పెడతాను.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ప్రాంతీయ మోడల్‌లోకి కార్బన్ డయాక్సైడ్ ప్రభావం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, తల్లి మోడల్‌లో అప్పటికే వేడెక్కిన సముద్రం, వేడెక్కిన గాలి అంచులగుండా రావడం. రెండోది, పెట్టె లోపలి గాలిలో ఉన్న వాయువు అక్కడి వికిరణాన్ని పట్టుకోవడం. రెట్టింపైతే చదరపు మీటరుకు దాదాపు 4 వాట్లు. మొదటి దారి చాలా పెద్దది. అందుకే చాలామంది రెండోదాన్ని పట్టించుకోలేదు. స్పెయిన్‌లో ముర్సియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వేసిన ప్రశ్న వినడానికి అమాయకంగా ఉంటుంది: భవిష్యత్తును లెక్కకట్టే ప్రాంతీయ మోడళ్లలో లోపలి కార్బన్ డయాక్సైడ్ అంకెను ఏటా పెంచుతున్నారా? అన్నిచోట్లా పెంచడం లేదని, పెంచారో లేదో రాసిపెట్టే ఆనవాయితీ కూడా లేదని తేలింది. యూరప్ మీద వాళ్లు రెండు విధాలా నడిపి చూస్తే శతాబ్దానికి ఒకటి నుంచి రెండు డిగ్రీల తేడా వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని అధ్యయనం చేసే మోడల్‌లో కార్బన్ డయాక్సైడే కదలకుండా ఉండిపోవడం ఈ రంగానికి తలవంపులే.

తర్వాత మొక్కలు. ఈ వాయువు పెరిగితే ఆకుల పత్రరంధ్రాలు అంతగా తెరుచుకోనక్కర్లేదు. మొక్క తక్కువ నీరు ఆవిరి చేస్తుంది. పంటకు అది మేలే, నీటి ఆదా. కానీ ఆవిరి తగ్గితే ఆ ఆవిరితో పోవలసిన వేడి నేల దగ్గరే నిలిచిపోతుంది. చాలా ప్రపంచ మోడళ్లలో ఈ సంగతి ఉంది. యూరప్ ప్రాంతీయ మోడళ్లలో చాలావాటిలో లేదు, అందువల్ల అవి రాబోయే వేసవి వేడిని తక్కువ చేసి చూపుతున్నాయని జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు 2019లో చూపించారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనం దీనికి గాలిలో తేలే సూక్ష్మ కణాలైన ఏరోసాల్స్‌ను జోడించింది. యూరప్ గాలి శుభ్రపడుతున్న కొద్దీ ఎండ పెరగాలి. ఏరోసాల్స్‌ను పాత స్థాయిలోనే బిగించేసిన ప్రాంతీయ మోడళ్లకు ఆ ఎండ కనిపించలేదు. గడి సన్నబడినంత మాత్రాన బుద్ధి పెరగదు. ముతక మోడల్‌కు తెలిసిన భౌతికశాస్త్రం ఒక్కోసారి సన్న మోడల్‌కు తెలియడం లేదు. మనవైపు ఈ తప్పు ఖరీదు ఇంకా ఎక్కువ. మన మీద పొగమంచు దుప్పటి మందం, మన పొలాల్లో నీటి పారకం విస్తారం.

నీటి పారకం సంగతి వేడి దగ్గర బయటపడుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ నేపథ్యంలోనే ఎంఐటీకి చెందిన ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్ బృందం 2017లో దక్షిణాసియా మీద 25 కిలోమీటర్ల ప్రాంతీయ మోడల్‌ను మూడు వేర్వేరు తల్లి మోడళ్ల కింద నడిపింది. వాళ్లు చూసింది మామూలు ఉష్ణోగ్రత కాదు, వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత, అంటే థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుడితే చూపే విలువ. అది 35 డిగ్రీలకు చేరితే చెమట ఆరదు, నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడికి కూడా కొన్ని గంటల్లో ప్రాణాపాయం. ఉద్గారాలు అదుపు లేకుండా సాగితే శతాబ్దాంతానికి గంగా, సింధు మైదానాల్లో కొన్నిచోట్ల ఆ గీటు దాటుతుందని, ఓ మోస్తరుగా అదుపు చేసినా దాటకుండా ఆపవచ్చని తేలింది. తర్వాత పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మనుషుల మీదే పరీక్షిస్తే ఆరోగ్యవంతులైన యువకులకు సైతం తేమ గాలిలో 31 దగ్గరే ఇబ్బంది మొదలైంది. అప్పుడు ప్రమాదపు పటం ఇంకా విస్తరిస్తుంది. పొలాలకు పారించే నీరు పగటి ఉష్ణోగ్రతను తగ్గించి గాలిలో తేమను పెంచుతుంది, దాంతో ఉక్కపోత ప్రమాదం పెరుగుతుందని ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు 2020లో చూపించారు. కాలువలూ బోర్లూ లేని మోడల్‌కు ఇది ఎలా తెలుస్తుంది?

ఎల్తాహిర్ అంతకుముందు జెరెమీ పాల్‌తో కలిసి పర్షియన్ గల్ఫ్ మీద ఇదే పని చేశాడు. అబూధాబి, దుబాయ్, దోహా, ధహ్రాన్ పేర్లు ఆ గీటు దాటే ఊళ్ల జాబితాలో వచ్చాయి. వెచ్చని లోతులేని సముద్రం, మబ్బులేని ఆకాశం, నీటి మీదుగా వచ్చే గాలి కలిసి సన్నని తీరపట్టీలో ఈ పరిస్థితి తెస్తాయి. ఆ పట్టీని ముతక గడి సముద్రంలో కలిపేస్తుంది, లేదంటే ఎడారిలో. ప్రాంతీయ మోడల్ ఉపయోగానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు తెలియదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి పోయి అక్కడ భవనాల మీద ఎండలో పనిచేసేవాళ్లకు ఆ పటం దూరదేశపు సంగతేమీ కాదు.

సముద్రం విషయంలో మాత్రం ఈ మోడళ్లు వెనకబడే ఉన్నాయి. ఎక్కువవాటిలో బంగాళాఖాతం తల్లి మోడల్ పంపిన అంకెల పట్టిక మాత్రమే. తుపాను దాటిపోయాక చల్లబడాల్సిన నీరు చల్లబడదు. 25 కిలోమీటర్ల గడిలో తుపాను కన్ను సరిగ్గా పట్టదు. అయినా గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎ.ఎస్. ఉన్నికృష్ణన్ బృందం ప్రిసిస్ గాలులను ఉప్పెన మోడల్‌కు ఇచ్చి, విశాఖకు ఉత్తరాన వందేళ్లకోసారి వచ్చే గరిష్ఠ సముద్రమట్టం 15 నుంచి 20 శాతం పెరగవచ్చని లెక్కకట్టింది. ఒకే మోడల్, ఒకే దారి మీద వచ్చిన అంకె అది. ఎటు మొగ్గుతుందో చూసుకోవాలి, కట్ట ఎత్తు దాంతో నిర్ణయించకూడదు.

వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. రోజర్ పీల్కే సీనియర్, రాబర్ట్ విల్బీ 2012లో ఈ కుదింపు వల్ల ఒరిగేదేమిటని నేరుగానే అడిగారు. తల్లి మోడల్ తప్పును సన్నగా తరిగితే సన్నని తప్పు వస్తుందన్నది వారి వాదన సారం. 2017లో ఐఐటీ బాంబే పరిశోధకులు కార్డెక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలోని దక్షిణాసియా ప్రాంతీయ మోడళ్లను వాటి తల్లి మోడళ్లతో పోల్చి, రుతుపవన వర్షం విషయంలో నిలకడైన మెరుగుదల కనిపించలేదని తేల్చారు. చాలా ప్రపంచ మోడళ్లకు భారత్ మీద వాన తక్కువ చూపే జబ్బు ఉంది, అది వారసత్వంగా వచ్చేసింది. దీనికి సర్దుబాటు ఒకటి చేస్తారు. వాతావరణ శాఖ కొలిచిన వర్షంతో మోడల్ అంకెల్ని సరిపెట్టి, అదే సవరణను భవిష్యత్తుకూ పూస్తారు. ఈనాటి తప్పే 2080లోనూ ఉంటుందన్న నమ్మకం మీద నడిచే పని ఇది. సవరించాక పటం ముచ్చటగా కనిపిస్తుంది, అదే దాని ప్రమాదం. పైగా మన నివేదికల్లో చాలావరకు ఆర్‌సీపీ 8.5 అనే ఉద్గారాల దారినే ఎత్తుకుంటారు. 2100కల్లా కార్బన్ డయాక్సైడ్ 936 పీపీఎం చేరే దారి అది. మధ్యస్థమైన 4.5 దారిలో 538. అధమాన్ని చూసుకోవడం మంచిదే, దాన్నే ఖాయమైన భవిష్యత్తుగా శీర్షికల్లో పెట్టడం తప్పు.

ఇప్పుడు పందెం కిలోమీటర్ల స్థాయికి దిగింది. బ్రిటన్ వాతావరణ శాఖలో ఎలిజబెత్ కెండన్ బృందం 2014లో దక్షిణ ఇంగ్లండ్ మీద ఒకటిన్నర కిలోమీటర్ల గడితో నడిపినప్పుడు, వేసవిలో గంటసేపు కొట్టే కుండపోతలు పెరగడం తొలిసారి కనిపించింది. 12 కిలోమీటర్ల మోడల్ వాటిని చూడలేదు. ఉరుముల మబ్బును సూత్రంతో ఊహించకుండా నేరుగా లెక్కకట్టడమే తేడా. ఖర్చు మాత్రం భారం: గడిని సగం చేస్తే లెక్క ఎనిమిది రెట్లవుతుంది. అంచుల తగవును పక్కకు నెట్టే మరో ఉపాయం 1996లో క్రిస్టోఫ్ షేర్ బృందం చూపింది. జరిగిపోయిన వాతావరణాన్నే తీసుకుని, దానికి రాబోయే వేడిని కలిపి మళ్లీ నడపడం. హుద్‌హుద్ లాంటి ఒక తుపాను వెచ్చని సముద్రం మీద వచ్చి ఉంటే ఎంత వాన కురిసేదని అడగడానికి ఇది తగిన పద్ధతి. రుతుపవనాల తీరే మారితే ఏమవుతుందన్నదానికి పనికిరాదు.

ప్రపంచ వాతావరణ పరిశోధన కార్యక్రమం 2009లో మొదలుపెట్టిన కార్డెక్స్‌లో దక్షిణాసియా బాధ్యత పుణె ఐఐటీఎందే. కొత్త తరం ప్రపంచ మోడళ్ల కింద ఇప్పుడు నడుస్తున్న విడతలో గడులు 50 నుంచి 25, 12 కిలోమీటర్ల వైపు వస్తున్నాయి. వాయువులు, ఏరోసాల్స్ ఏటా మారుతున్నాయా అన్నది ముందులా ఎవరికి వారు వదిలేయకుండా ప్రయోగ నియమాల్లోకి ఎక్కింది. ఆకుల పత్రరంధ్రాల లెక్క కొన్నింటిలో చేరింది. కృష్ణా, గోదావరి డెల్టాల వరి మళ్లలో నిలబెట్టిన నీటిని లెక్కలోకి తీసుకునేవి ఇంకా తక్కువే.